రబ్బరు మార్పించినవా?

మా అపార్ట్‌మెంటు సెల్లారులో కార్లు కడిగే అతనికి ఒక పద్ధతి ఉంది. కడగడం అయిపోయిన కారుకు రెండు వైపర్లూ పైకెత్తి పెట్టి పోతాడు. ఈ బండి పని అయిపోయింది, చూసుకోండి అని చెప్పడం అది. పొద్దున ఆఫీసుకని కిందికి దిగితే వరసగా కార్లన్నీ చేతులెత్తి నిలబడి ఉంటాయి. మిగతావాళ్లు టపటపా దించేసుకొని వెళ్లిపోతారు. నాకు మాత్రం ఒక్క క్షణం చెయ్యి ఆడదు. మా పెద్దబాపు ఇప్పుడే ఇక్కడ నిలబడి, వైపరు ఎత్తి చూసి, అలా పక్కకు జరిగాడేమో అనిపిస్తుంది. ఆయన పోయి ఎన్నో ఏళ్లయింది. అయినా ఆ క్షణం తప్పడం లేదు.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. మొయినాబాద్‌లో, బీజాపూర్ రోడ్డు మీద, మాది కిరాణా దుకాణం. అన్నదమ్ములిద్దరూ కలిసే నడిపారు. దుకాణం వెనకే ఇల్లు, ఒకే పొయ్యి. పిల్లలు లేని పెద్దబాపుకూ పెద్దమ్మకూ నేనే కూతుర్ని. నన్ను ఎవరు కన్నారో, ఎవరు పెంచారో విడదీసి చెప్పడం మా ఇంట్లో ఎవరివల్లా కాదు.

నేను కారు కొన్న రోజు ఇప్పటికీ కళ్లముందే ఉంది. అప్పట్లో ఎవరిని కదిలించినా సాఫ్ట్‌వేర్ మాటే. గచ్చిబౌలి గుట్టల మధ్య రోజుకో అద్దాల బిల్డింగు లేస్తోంది. మా రోడ్డు మీద పొలాల కంటే పొలాలు అమ్మిపెట్టేవాళ్లే ఎక్కువ కనిపిస్తున్నారు. నాకూ అక్కడే ఉద్యోగం దొరికింది. మనిషికి రెండు నెలల జీతం పడితే చాలు, బ్యాంకులవాళ్లు ఫోన్ చేసి మరీ లోనిస్తామని బతిమాలే కాలం అది. అలా మా ఇంటికి ఒక చిన్న తెల్ల కారు వచ్చింది. చుట్టుపక్కలవాళ్లు సీట్లు చూశారు, ఏసీ దగ్గర చెయ్యి పెట్టి చూశారు. పెద్దమ్మ నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టించింది. పెద్దబాపు ఇవేవీ పట్టించుకోలేదు. నేరుగా ముందుకొచ్చి, ఎడమ పక్క వైపరును రెండు వేళ్లతో పట్టి మెల్లగా పైకెత్తాడు. జ్వరమొచ్చిన పిల్లకు డాక్టరు కనురెప్ప ఎత్తి చూస్తాడే, అలా. కింద ఉన్న రబ్బరును ఈ చివర నుంచి ఆ చివరదాకా బొటనవేలితో రాసి చూశాడు.

"గీ రబ్బరు ఎప్పటిది బిడ్డా?"

"కారే నిన్నటిది పెద్దబాపు. రబ్బరు మొన్నటిదెట్ల ఉంటది?"

"చేసినోళ్లు ఎన్నడు చేసిండ్రో మనకేం ఎర్క. గోదాముల ఎన్ని దినాలు ఎండిందో."

అందరూ పకపకా నవ్వారు. దుకాణంలో కుర్చీలో కూర్చున్న బాపు మాత్రం నవ్వలేదు. నేనది గమనించాను కానీ పట్టించుకోలేదు. కొత్త కారు తాళంచెవి చేతిలో ఉన్నప్పుడు మనిషి ఏం పట్టించుకుంటుంది!

ఆ రోజునుంచి నా కారు వైపర్లు ఆయన సొత్తయిపోయాయి. సాయంత్రం నేను వచ్చి బండి ఆపగానే దుకాణంలోంచి దిగొచ్చి రెండూ ఎత్తేవాడు. భుజాన ఉండే దస్తీ తడిపి రబ్బర్లు తుడిచేవాడు. ఆ దస్తీతో ఆయన చెమట తుడుచుకోగా నేను చూడలేదు. చెమటకు చొక్కా చెయ్యే గతి. పొద్దున నేను బయల్దేరేముందు చెంబుతో నీళ్లు తెచ్చి అద్దం మీద గుమ్మరించేవాడు.

"ఏదీ, తిప్పు."

నేను వైపర్లు తిప్పేదాన్ని. అద్దం మీద ఎక్కడన్నా గీత మిగిలిందా అని అటు నుంచి వంగి చూసేవాడు. తుడిచిన అద్దంలోంచి ఆయన ముఖం ముందు చెదిరిపోయి, తర్వాత తేటగా కనిపించేది. అప్పుడు చెయ్యి ఊపి, "ఇగ పో" అనేవాడు. ఆ రెండు మాటలు వినకుండా నేను ఆఫీసుకు వెళ్లిన రోజులు తక్కువ. మీటింగుకు ఆలస్యమవుతోందని గింజుకున్నా సరే, చెంబు రావాల్సిందే.

ఇదంతా విని ఆయనకు బండ్ల గురించి ఏదో గొప్ప విద్య తెలుసనుకునేరు. ఏమీ తెలీదు. ఒకసారి రబ్బరు మెత్తబడుతుందని రెండు వైపర్లకూ కొబ్బరినూనె పట్టించాడు. నాకు చెప్పలేదు. ఆఫీసుకు పోయే దారిలో, అప్పా జంక్షన్ దగ్గర తుంపర మొదలైంది. వైపర్లు ఒక్కసారి తిరిగాయో లేదో, అద్దమంతా పాలు ఒలికినట్టు తెల్లబడిపోయింది. బండి పక్కన ఆపి చున్నీతో తుడుస్తూ ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి ఆ తిట్లే ఆయన ముఖాన అనేశాను.

"తలకు పెడితే ఎంటికలు మెత్తగైతయి గద. రబ్బరు గూడ గంతే అనుకున్న," అని నసిగాడు. రెండు రోజులు నాకెదురు పడలేదు. మూడో రోజు చెంబుతో వచ్చాడు.

నా కారుతో ఆగితే సరే. శనాదివారాల్లో చిల్కూరు గుడికి పోయే కార్లు మా దుకాణం ముందు ఆగేవి. కొబ్బరికాయకనీ, కర్పూరానికనీ వాళ్లు లోపలికి రాగానే ఈయన బయటికి వెళ్లి వాళ్ల వైపర్లు ఎత్తేవాడు. ఎండలో అద్దం కాలి రబ్బరు దానికి అతుక్కుపోతుందని ఆయన బాధ. "పెనం మీద రబ్బరు పెట్టి ఊకుంటరా ఎవలన్న?" అని అడిగేవాడు. కార్లవాళ్లు బయటికొచ్చి చూసి హడలిపోయేవారు. ఇక్కడ బండి పెట్టొద్దని ఎవరో కోపంతో ఎత్తారని కొందరు గబగబా తీసుకుపోయేవారు. మెడలో ఆఫీసు ట్యాగు వేసుకున్న ఒక కుర్రాడు ఈయన్ని కార్లు కడిగే మనిషనుకొని, అద్దం దించి పది నోటు చేతిలో పెట్టాడు. పెద్దబాపు ఆ నోటు తీసుకొని, గల్లాలో వేసి, ఒక కర్పూరం పొట్లం తెచ్చి అతని ఒళ్లో పడేశాడు. "నేను దుకాణపోణ్ణి. ఊకెనే తీస్కుంటనా?" అన్నాడు. ఆ కుర్రాడికి ఏమర్థమైందో ఆ దేవుడికే తెలియాలి.

ఆయన గురించి ఇంకో సంగతి చెప్పాలి. ఆయన దుకాణంలో కూర్చునేవాడు కాదు. మా దుకాణంలో గల్లాపెట్టె పక్కన మంచి గద్దె ఉండేది, పరుపూ తెల్లగుడ్డా వేసి. షావుకారు దాని మీద బాసింపట్టు వేసుకొని కూర్చోవడం మావాళ్ల మర్యాద. ఆయన పొద్దున షట్టరు ఎత్తినప్పటినుంచి దించేదాకా నిలబడే సామాను కట్టేవాడు, నిలబడే టీ తాగేవాడు. బాపు ఇనుప కుర్చీలో ఎడమ కాలు ముందుకు చాపి కూర్చునేవాడు. ఇద్దరి మధ్యా ఆ గద్దె ఖాళీగా ఉండేది.

అది ఎందుకు ఖాళీగా ఉందో మొయినాబాద్‌లో తెలియనివాళ్లు లేరు. నేను బడికి పోయే రోజుల్లో మాకొక పాత వ్యాను ఉండేది. పెద్దబాపు నడిపేవాడు. ఒక వానాకాలం అన్నదమ్ములిద్దరూ చేవెళ్ల మార్కెట్‌కు వెళ్లి కందులు వేసుకొని తిరిగొస్తున్నారు. దారిలో వాన దంచికొట్టింది. వైపరు రబ్బరు చినిగి ఉంది. అద్దం తుడుచుకోలేదు. సురంగల్‌కు దారి చీలే చోట వ్యాను రోడ్డు దిగి చింతచెట్టుకు గుద్దుకుంది. పెద్దబాపుకు నుదుటి మీద చిన్న దెబ్బ. బాపు ఎడమ మోకాలు నుజ్జయింది. ఎన్ని దవాఖానలు తిరిగినా ఆ మోకాలు మళ్లీ మడత పడలేదు. మోకాలు మడవలేని మనిషి గద్దె మీద కూర్చోలేడు. తమ్ముడు కూర్చోలేని చోట తనూ కూర్చోనని అన్న ఎవరికీ చెప్పలేదు. కూర్చోవడం మానేశాడు, అంతే. వ్యాను అమ్మేశాడు. మళ్లీ స్టీరింగు పట్టలేదు.

మబ్బు పట్టిన రోజు మా దుకాణంలో ఒకటే మాట వినిపించేది.

"తమ్మీ, కాలు గుంజుతున్నదా?"

"లేదన్నా."

ఆ జవాబు చెప్పేటప్పుడు బాపు తలెత్తేవాడు కాదు. పక్కనే ఉన్న చింతపండు బుట్టనో, నూనె డబ్బానో చూస్తూ చెప్పేవాడు. పెద్దబాపు టీ తెప్పించి, మొదటి గ్లాసు తమ్ముడి చేతికే ఇచ్చేవాడు. బాపు నెమ్మదస్తుడు, అన్న అంటే మొహమాటం, అందుకే తలెత్తడనుకునేదాన్ని. ఇన్నేళ్లలో ఆ ప్రమాదం గురించి అన్నను ఒక్క మాట అనలేదు బాపు. ఊళ్లో అందరూ ఆయన మంచితనం చెప్పుకునేవారు. నేనూ గర్వపడేదాన్ని.

కారు కొన్నాక రెండో ఏడో మూడో ఏడో, బాపుకు గుండె జబ్బు చేసింది. ఒక మధ్యాహ్నం నేను పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తున్నాను. బయట పెద్దబాపు ఎవరిదో కారు వైపర్లు ఎత్తుతున్న చప్పుడు కిటికీలోంచి వినిపిస్తోంది. బాపు కళ్లు మూసుకొనే అన్నాడు.

"అన్న తప్పేం లేదు బిడ్డా. తప్పు నాది."

చేవెళ్లలో దిగగానే పెద్దబాపు, "వైపరు రబ్బరు చినిగింది, బస్టాండు పక్క దుకాణంల మార్పించు" అని బాపుకు పని చెప్పి కందుల బేరానికి వెళ్లాడట. బాపుకు ఎవరో తెలిసినవాళ్లు కలిశారు. హోటల్లో కూర్చున్నారు. మాటల్లో పడి ఆ సంగతే మరిచిపోయాడు. మధ్యాహ్నం బయల్దేరేముందు అన్న అడిగాడు, మార్పించినవా అని. కోప్పడతాడని భయం వేసి, "మార్పించిన అన్నా" అనేశాడు.

"ఎన్నడన్న చెప్పరాదు బాపు?"

"నోటిదాక వస్తుండె. అన్న నన్ను చంటిపిల్లగాని లెక్క చూసుకోబట్టె. టీ నాకే ముందియ్యబట్టె. నాదే తప్పని ఇప్పుడెట్ల చెప్పాలె అని... అట్లట్ల ఏండ్లయిపోయినయి."

పెద్దబాపుకు చెప్పమనీ అనలేదు, చెప్పొద్దనీ అనలేదు. ఆ వారం దాటకుండానే పోయాడు.

బాపు కర్మకాండలన్నీ అయ్యాక ఈ సంగతి నాలో కుదురుగా ఉండలేదు. నా ఉద్యోగం టెస్టింగు. పదిమంది రాసిన ప్రోగ్రాములో తప్పెక్కడుందో పట్టుకోవాలి, పట్టుకున్నాక ఎవరిదో చెప్పాలి. చెబితే అది సరిదిద్దబడుతుంది, ఆ పని ముగుస్తుంది. రోజంతా చేసేది అదే కాబట్టి ఇంట్లోనూ అదే పనికొస్తుందనుకున్నాను. పాపం ఈ మనిషి చేయని తప్పుకు ఇన్నేళ్లు నిలబడే ఉన్నాడు, ఒక్క మాటతో కూర్చోబెట్టొచ్చు కదా అనిపించింది. అప్పటికే ఆయన గద్దె మీద కూర్చుని టీ తాగుతున్నట్టు ఊహించుకొని మురిసిపోయాను కూడా. నా తెలివికి నేనే చెప్పు తీసుకొని కొట్టుకోవాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం. దుకాణం ముందు ఎండ. నా కారు వైపర్లు ఎత్తి తుడుస్తున్నాడు. నేను పక్కన నిలబడ్డాను.

"పెద్దబాపు, నీకొక మాట చెప్పాలె. బాపు పోయేముంగట చెప్పిండు."

"ఏం చెప్పిండు?" అన్నాడు, వైపరు పట్టుకొనే.

"ఆ దినం చేవెళ్లల రబ్బరు మార్పించిన అన్నడు గద. మార్పియ్యలేదట. మర్చిపోయిండట. నువ్వు కోపం చేస్తవని అబద్ధం చెప్పిండట. నీ తప్పేం లేదు పెద్దబాపు. ఇన్నేండ్లు ఊకెనే బాధపడ్డవ్."

ఆయన దస్తీ మడత మార్చాడు. రబ్బరును చివరిదాకా తుడిచాడు. నేను ఆ ముఖంలో వెలుగు కోసం చూస్తున్నాను.

"నాకెర్కే బిడ్డా," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"బండి తీసేముంగట మబ్బు చూసి, వైపరు ఎత్తి చూసిన. పాత రబ్బరే ఉన్నది. చినిగింది చినిగినట్టే ఉన్నది. మార్పించినవా అని అప్పుడడిగిన. మార్పించిన అన్నడు."

"మరి ఏమనలేదా?"

"అనలే. నాతోని అబద్ధమాడిండని కోపమొచ్చింది. నడువు, వాన పడ్డంక నీకే కనవడ్తది, సిగ్గువడ్తవు అనుకున్న. గంతే. నాలుగు అడుగులేస్తే రబ్బరు దుకాణం. పోలే."

దస్తీ పిండాడు. అందులో నీళ్లే లేవు.

"వాన పడ్డది. వైపరు అద్దం మీద ఊకెనే కొట్టుకుంటున్నది. అద్దంల కనవడక గుద్దిన అనుకుంటరు అందరు. జర జర కనవడ్తనే ఉండె. నేను తొవ్వ చూస్తలేను బిడ్డా. సిగ్గువడ్డడా లేదా అని వాని మొఖం చూస్తున్న."

రోడ్డు మీద బస్సు పోయింది. అది పోయేదాకా ఆగి, నా వైపు తిరిగాడు.

"తనదే తప్పనుకున్నడా వాడు?"

నేను ఎత్తి ఉన్న రెండో వైపరు వైపు చూశాను.

"పోయేదాక గట్లనే అనుకున్నడా?"

లేదు అంటే సరిపోయేది. రెండక్షరాల అబద్ధం. కానీ నా నోటికి ఆ రోజు నిజం చెప్పే రోగం పట్టింది. "అవును పెద్దబాపు" అన్నాను.

"కాలు గుంజుతున్నదా అని అడిగినప్పుడల్ల తలకాయ కిందికేస్తుండె," అన్నాడు నెమ్మదిగా. "నా మీద కోపముందనుకున్న."

చేతిలో ఉన్న వైపరును అద్దం మీదికి మెల్లగా దించాడు. రెండోదాన్ని మరిచిపోయి లోపలికి వెళ్లిపోయాడు. దాన్ని నేనే దించుకోవాల్సి వచ్చింది. ఆ ఇనుప ముక్క ఎండకు కాలిపోతోంది. నా వేళ్లు చురుక్కుమన్నాయి. లోపల ఆయన బాపు కుర్చీకి ఎదురుగా నిలబడి ఉన్నాడు.

దింపుదామనుకున్న బరువును దింపకపోగా, పైన ఇంకొకటి ఎత్తి పెట్టాను. తన తమ్ముడు కోపంతో పోయాడనుకున్నన్నాళ్లూ ఆయనకు ఒకటే బాధ. ఆ తమ్ముడు తనలాగే లోలోపల కుమిలిపోయాడనీ, తను ఒక్క మాట చెప్పి ఉంటే తేలికపడి పోయేవాడనీ తెలిశాక రెండు బాధలు. అది తెలియజేసింది నేను. బాపు నా దగ్గర దించుకున్నది నాతోనే ఉండిపోయినా లోకానికి ఏ నష్టమూ లేదు. నా కడుపులో నిలవక చెప్పానా, ఆయన మంచికోసమే చెప్పానా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. ఒక్కోరోజు ఒక్కో జవాబు వస్తుంది.

ఆ తర్వాత పెద్దబాపు వైపర్లు ముట్టుకోలేదు. పొద్దున చెంబు రాలేదు. నేను బండి స్టార్ట్ చేసి, కావాలనే కాసేపు ఆగి చూసేదాన్ని. ఆయన గోడవైపు తిరిగి పప్పుల డబ్బాలు సర్దుతూ ఉండేవాడు. చిల్కూరు కార్లు వరసగా ఎండలో మాడుతున్నా గడప దాటలేదు. "సేటు, ఇయ్యాల కార్ల దిక్కు పోతలేవేంది?" అని జనం వేళాకోళం ఆడితే చిన్నగా నవ్వి ఊరుకునేవాడు. రెచ్చగొడితేనన్నా వస్తాడని ఒక వేసవంతా నా కారును నీడ వదిలేసి ఎండలో నిలబెట్టాను. రాలేదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"నేను చెప్పకుంటే మంచిగుండె గద పెద్దబాపు?"

"నువ్వు చెప్పినందుకు గాదు బిడ్డా. వాడున్నప్పుడు నేను చెప్పకపోతినని," అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మరి నేనైనా ఆ రబ్బర్లు చూసుకున్నానా అంటే, లేదు. ఆ వైపరు మీద చెయ్యి వేయాలంటే నాకు ఆ ఆదివారం గుర్తొచ్చేది. ఎండకు అవి గట్టిపడ్డాయి. ఒకదాని కొస చినిగి వేలాడింది. చూసినప్పుడల్లా ఈ వారం మార్పిద్దాం అనుకునేదాన్ని. వారం వచ్చేది, ఆఫీసు పని మీద పడేది, పోయేది.

ఆ వానాకాలం పెద్దబాపుకు ఆయాసం ఎక్కువై చేవెళ్లలో దవాఖానలో చేర్పించాం. పెద్దమ్మ పగలంతా కూర్చునేది. నేను ఆఫీసు నుంచి వీలు చూసుకొని వెళ్లి వస్తుండేదాన్ని. ఆ రోజు మధ్యాహ్నం వెళ్లాను. మంచం కిటికీ పక్కనే. మేమిద్దరం పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. నేను తెచ్చిన ఇడ్లీ సగం తిన్నాడు. నా ఫోన్ మోగుతూనే ఉంది. సాయంత్రానికి మా ప్రోగ్రాము అమెరికా కంపెనీకి అప్పజెప్పాలి, నేను లేకపోతే ఆఫీసులో పని ఆగిపోతుంది. నేను లేవబోతుండగా కిటికీ రేకు మీద చినుకులు మొదలయ్యాయి. ఆయన తల తిప్పి ఆ కిటికీ వైపే చూశాడు. చాలా నెలల తర్వాత ఆయన నోట రబ్బరు మాట వచ్చింది.

"రబ్బరు మార్పించినవా బిడ్డా?"

"మార్పించిన పెద్దబాపు," అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. ఫోన్ చేతిలో పట్టుకొని, చెప్పులు వేసుకుంటూ అనేశాను. అన్నాక చెవిన పడింది నేనేమన్నానో.

ఆయన నా ముఖం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. అబద్ధం ఆయనకు తెలిసిపోయిందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. తలెత్తి ఉంచుదామని చూశాను. నా వల్ల కాలేదు. మంచం కింద ఉన్న నీళ్ల బాటిల్ వైపు చూస్తూ నిలబడ్డాను.

"మీ బాపు గూడ గిట్లనే అన్నడు," అన్నాడు. గొంతులో కోపం లేదు. చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు. "నేను ఆ దినం ఊకున్న. ఇయ్యాల ఊకోను. రబ్బరు మంచిగలేదు గద. మెల్లగ పో బిడ్డా. వాన ఎక్కువైతే పక్కకు ఆపుకో. ఆఫీసు యాడికి పోదు."

సరే అన్నాను. ఏడుపు ఆపుకుంటూ కిందికి దిగాను. దవాఖాన ముందు వానలో నిలబడి వైపరు ఎత్తి చూశాను. కొస చినిగింది చినిగినట్టే ఉంది. ఆ రోజు మొయినాబాద్ దాకా ఎంతసేపు పట్టిందో చెప్పలేను. వెనకనుంచి లారీలు హారన్ కొడుతూ దాటిపోయాయి. ఫోన్ మోగింది, తియ్యలేదు. సురంగల్ దారి చీలే చోట బండి పక్కకు ఆపి, వాన తగ్గేదాకా కూర్చున్నాను. చింతచెట్టు అక్కడే ఉంది. దాని వైపు చూడలేదు. రోడ్డునే చూశాను. రబ్బరు మార్చలేదన్న ఆ ఒక్క మాట ఆయన ఆనాడు తమ్ముడితో అని ఉంటే, లేదా తమ్ముడు అన్నతో అని ఉంటే అనుకుంటూ, నేను చేసిన తప్పును వాళ్లిద్దరి మధ్యా పంచిపెట్టాలని కాసేపు చూశాను. అది కుదరలేదు. వాళ్లకు ఏం జరగబోతోందో తెలీదు. నాకు అంతా తెలిసీ అన్నాను.

మర్నాడు దుకాణాలు తెరవగానే చేవెళ్ల వెళ్లి, బస్టాండు పక్కన రెండు రబ్బర్లూ మార్పించాను. అతను కొత్తవి ఎక్కించి వైపర్లు పైకెత్తే ఉంచాడు. వాటిని దించకుండా, అలాగే మెల్లగా దవాఖానదాకా నడుపుకుంటూ వెళ్లాను. పెద్దబాపు మంచం పక్క కిటికీకి సరిగ్గా కింద ఆపితే ఆయనకు పైనుంచి కనిపిస్తాయని. ఆపి, పైకి చూశాను. కిటికీలో పెద్దమ్మ నిలబడి ఉంది. కొంగు నోట్లో కుక్కుకొని, నన్ను చూసి తల అడ్డంగా ఊపింది.

ఈసారి నిజంగానే మార్పించాను. మార్పించానని చెప్పడానికి ఆ ఇద్దరిలో ఒక్కరూ లేరు.